సర్వీసుకు ఇచ్చిన బండి అక్కడే దొంగతనానికి గురైతే బాధ్యత ఎవరిది?

ప్రశ్న (వాహన యజమాని)

నా మోటార్‌సైకిల్‌ను మామూలు సర్వీసుతో పాటు క్లచ్ మరమ్మతు కోసం ఒక సర్వీస్ సెంటర్‌లో అప్పగించాను. వారు బండి నంబరు, మీటరు రీడింగు, చేయవలసిన పనులు జాబ్ కార్డులో రాసుకుని, తాళం చెవి తీసుకుని, కార్డు నకలు నాకిచ్చారు. పని పూర్తి కాకముందే, ఒక రాత్రి బండిని ఎవరో ఎత్తుకుపోయారు. పోలీసులకు ఫిర్యాదు చేశాం, ఎఫ్‌ఐఆర్ కూడా నమోదైంది.

సెంటర్ యజమాని నాతో మర్యాదగానే మాట్లాడుతున్నారు. అయితే దొంగతనం జరిగితే తానేం చేయగలనని, తాను కూడా నష్టపోయినవాడినేనని, బీమా సంస్థను అడగమని అంటున్నారు. ‘వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అని జాబ్ కార్డు వెనుక అచ్చువేసి ఉన్న వాక్యాన్ని కూడా చూపించారు. నేను దాని కింద సంతకం చేసిన మాట నిజమే. బండి మీద అప్పు ఇంకా తీరలేదు, వాయిదాలు కడుతూనే ఉన్నాను. చట్టప్రకారం వారి బాధ్యత ఎంతవరకు ఉంటుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (న్యాయవాది)

మీరు తాళం చెవి ఇచ్చి, వారు జాబ్ కార్డు రాసి బండిని స్వీకరించిన క్షణం నుంచి ఆ బండి వారి అధీనంలోకి వెళ్లింది. ఒక పని నిమిత్తం వస్తువును ఇంకొకరికి అప్పగించి, పని ముగిశాక తిరిగి తీసుకునే ఈ ఏర్పాటును చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 148వ సెక్షన్ నుంచి దీని నియమాలు ఉన్నాయి. వాటిలో మీకు ముఖ్యమైనది 151వ సెక్షన్. మామూలు వివేకం గల మనిషి అటువంటి పరిస్థితుల్లో, అంతే విలువ గల తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించిన వస్తువును కూడా అంతే జాగ్రత్తగా చూడాలని ఆ సెక్షన్ చెబుతుంది. అంత జాగ్రత్త తీసుకున్నా వస్తువు పోతే, ప్రత్యేక ఒప్పందం లేనంతవరకు బాధ్యత ఉండదని 152వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి దొంగతనం జరిగిందన్న ఒక్క కారణంతో వారు పూర్తిగా తప్పించుకోలేరు. బండి పోయిందన్న ఒక్క కారణంతో వారిదే బాధ్యతని మీరూ తేల్చేయలేరు. వివాదమంతా వారు ఎంత జాగ్రత్త తీసుకున్నారన్న దాని మీదే నడుస్తుంది.

ఆ జాగ్రత్తను ఎవరు నిరూపించాలన్నది తర్వాతి ప్రశ్న, నా దృష్టిలో అసలు బలం ఇక్కడే ఉంది. రాత్రి ఆ ఆవరణలో ఏం జరిగిందో మీకు తెలిసే అవకాశం లేదు. తాళాలు ఎక్కడ పెట్టారో, కాపలా ఎవరున్నారో వారికే తెలుసు. అందువల్ల బండిని అప్పగించినట్టు, అది తిరిగి రానట్టు మీరు చూపిస్తే చాలు, తమ నిర్లక్ష్యం లేదని చూపించవలసిన భారం వారి మీదికి వెళుతుంది. ఢిల్లీలోని ఒక హోటల్ ఆవరణలో, సిబ్బందికి తాళం చెవి ఇచ్చి పార్కింగ్‌కు అప్పగించిన కారు చోరీ అయిన కేసులో సుప్రీంకోర్టు 2019లో ఈ మాటే స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో కూడా పార్కింగ్ చీటీ మీద ‘యజమాని బాధ్యతపైనే’ అన్న అర్థం వచ్చే షరతు ఉంది. తమ నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టం నుంచి అటువంటి షరతును అడ్డుపెట్టుకుని తప్పించుకోవడం కుదరదని కోర్టు తేల్చింది. అది హోటల్ పార్కింగ్‌కు సంబంధించిన తీర్పే అయినా, అక్కడ ఉచితంగా ఇచ్చిన పార్కింగ్‌కే అంత బాధ్యత ఉందన్నప్పుడు, డబ్బు తీసుకుని మరమ్మతుకు స్వీకరించిన బండి విషయంలో అంతకన్నా తక్కువ జాగ్రత్త సరిపోతుందనడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. కాబట్టి ఆ అచ్చు వాక్యం కింద మీ సంతకం ఉందని దిగులు పడకండి.

ఒకవేళ సిబ్బందిలోనే ఎవరైనా దొంగిలించినట్టు తేలితే సెంటర్ పరిస్థితి ఇంకా బలహీనపడుతుంది. శుభ్రం చేయడానికి ఇచ్చిన ఖరీదైన మింక్ బొచ్చు వస్త్రాన్ని, దాన్ని శుభ్రం చేయవలసిన ఉద్యోగే దొంగిలించిన కేసులో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 1965లో యజమాని సంస్థనే బాధ్యురాలిని చేసింది.

ఇప్పుడు మీరు మూడు సంగతులు చెప్పాలి. ఆ రాత్రి బండి లోపల ఉందా, బయట ఉందా? తాళం చెవి ఎక్కడ ఉంది? తిరిగి ఇస్తామన్న తేదీ ఏది?

సమాధానం (వర్క్‌షాప్ నిర్వాహకుడు)

నేను చాలాకాలంగా వర్క్‌షాప్ నడుపుతున్నాను, అందుకే మా వైపు మాట కూడా చెప్పాలి. షట్టర్‌కు గట్టి తాళాలు వేసి, కాపలా పెట్టి, కెమెరాలు పనిచేస్తున్న చోట ఆ తాళాలు కోసి బండి ఎత్తుకుపోతే, ఆ నష్టమంతా భరించమని చిన్న వర్క్‌షాప్‌ను అడగడం న్యాయం కాదు. పైన న్యాయవాది గారు చెప్పిన 152వ సెక్షన్ అటువంటి వారి కోసమే ఉందని అనుకుంటున్నాను.

అయితే మా వృత్తిలో జరుగుతున్న తప్పును కూడా దాచకూడదు. లోపల చోటు లేక, పని పూర్తికాని బండ్లను రాత్రిపూట షట్టర్ బయట రోడ్డు పక్కనే వదిలి వెళ్లేవారు చాలామంది ఉన్నారు. సొంత బండిని ఎవరూ రాత్రంతా అలా వదలరు, కస్టమర్ బండికి వచ్చేసరికి మాత్రం హ్యాండిల్ లాక్ చాలనుకుంటారు. చోటుకు మించి బండ్లు తీసుకోవడం వ్యాపార నిర్ణయం, దాని వల్ల వచ్చే ముప్పును కస్టమర్ మీద వేయడం నాకు సమ్మతం కాదు. తాళాలన్నీ అందరికీ అందేలా గోడకున్న మేకులకు తగిలించడం, ఎవరు ఏ తాళం తీసుకున్నారో రాయకపోవడం కూడా ఇటువంటిదే.

ఆ సెంటర్‌కు దొంగతనం బీమా ఉందేమో అడగండి. దుకాణంలోని సొంత సరుకుకు మాత్రమే బీమా తీసుకుని, మరమ్మతుకు వచ్చిన ఇతరుల వాహనాలను పాలసీలో చేర్చనివారే నాకు ఎక్కువగా తెలుసు. చేర్చి ఉంటే మాత్రం, మీకు చెల్లించడానికి ఆయన వెనుకాడవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

వివరణ (వాహన యజమాని)

ఇద్దరికీ కృతజ్ఞతలు. లోపల చోటు లేక నా బండిని మరికొన్ని బండ్లతో పాటు బయటే ఉంచారని అక్కడి మెకానిక్ చెప్పారు. కెమెరా లోపలి భాగాన్నే చూస్తుంది, కాపలాదారు లేరు. తాళం చెవి లోపల బోర్డు మీదే ఉంది, అది ఇప్పటికీ వారి వద్దే ఉంది. జాబ్ కార్డులో శుక్రవారం ఇస్తామని రాశారు. విడిభాగం రాలేదని ఫోన్ చేసి సోమవారం రమ్మన్నారు, నేను సరేనన్నాను. ఆదివారం రాత్రి బండి పోయింది. బీమా సంస్థ రెండు తాళాలూ తెమ్మంటోంది.

సమాధానం (బీమా సర్వేయర్)

ముందుగా మీ పాలసీ తీసి చూడండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కావడంతో, ఆ ఐదేళ్లూ దొంగతనానికి కూడా రక్షణ ఉందని చాలామంది పొరబడుతున్నారు. థర్డ్ పార్టీ బీమా మీ బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికే. చోరీకి పరిహారం రావాలంటే ఓన్ డ్యామేజ్ భాగం, అంటే మీ సొంత బండికి కలిగే నష్టానికి రక్షణ ఇచ్చే భాగం, ఆ తేదీన అమలులో ఉండాలి, దాన్ని చాలామంది ఏడాదికొకసారి పునరుద్ధరించుకోవలసి ఉంటుంది.

అది అమలులో ఉంటే, సర్వీస్ సెంటర్‌తో వివాదం తేలేదాకా ఆగకుండా వెంటనే క్లెయిమ్ చేయండి. ఎఫ్‌ఐఆర్ వెంటనే నమోదైతే, బీమా సంస్థకు తెలపడంలో జరిగిన ఆలస్యాన్ని మాత్రమే కారణంగా చూపి క్లెయిమ్‌ను తిరస్కరించకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆలస్యం చేసి ఆ వాదన దాకా వెళ్లడం ఎందుకు? రెండు తాళాలు అడగడానికి కారణం, యజమాని తాళం బండికే వదిలేశారా అన్న అనుమానం. ఒక తాళం తమ వద్ద ఉందని సర్వీస్ సెంటర్‌తో లిఖితపూర్వకంగా రాయించుకుని, ఆ తాళాన్ని, మీ దగ్గరున్న రెండో తాళాన్ని, జాబ్ కార్డు నకలును కలిపి సమర్పించండి. దర్యాప్తులో బండి దొరకలేదని పోలీసులు ఇచ్చే తుది నివేదిక కూడా కావాలి, దానికి సమయం పడుతుంది. అప్పు ఉన్నందున పరిహారం ముందు రుణదాతకే వెళుతుంది. అప్పటివరకు వాయిదాలు ఆపకండి.

ఇక్కడ ఒక్క విషయంలో గట్టిగా హెచ్చరించాలి. కొంత డబ్బు ఇచ్చి ‘ఇకపై ఎటువంటి హక్కూ లేదు’ అని సెంటర్ వారు రాయించుకోబోతే, బీమా సంస్థకు తెలపకుండా సంతకం చేయవద్దు. మీకు పరిహారం చెల్లించాక, ఆ మేరకు సెంటర్ మీద రాబట్టుకునే హక్కు బీమా సంస్థకు వస్తుంది. ఆ హక్కును మీరు ముందే వదులుకుంటే మీ క్లెయిమ్‌కే ముప్పు.

సమాధానం (న్యాయవాది)

మీ వివరణ చూశాక, తేదీ గురించి ఎందుకు అడిగానో చెప్పాలి. అప్పగించుకున్నవారి తప్పు వల్ల వస్తువు సకాలంలో తిరిగి ఇవ్వకపోతే, ఆ సమయం నుంచి జరిగే నష్టానికి వారే బాధ్యులని 161వ సెక్షన్ చెబుతుంది. శుక్రవారం గడువు దాటింది కనుక అది వర్తిస్తుందని మీరు వాదించవచ్చు, కానీ సోమవారానికి మీరు ఒప్పుకున్నారు కాబట్టి గడువు మారిందని వారంటారు. ఆ వాదన మీద ఆధారపడవద్దని నా సలహా. కాపలా, కెమెరా లేని చోట బండిని రాత్రంతా బయట వదిలారన్నదే 151వ సెక్షన్ కింద మీకు చాలినంత బలమైన ఆధారం. అయితే ఆ విషయం మెకానిక్ నోటిమాటగానే మిగిలిపోకూడదు. పోలీసులకు ఇచ్చే వాంగ్మూలంలో దాన్ని నమోదు చేయించండి, పక్క దుకాణాల కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే సేకరించమని వారిని లిఖితపూర్వకంగా కోరండి.

ఆ తర్వాత సెంటర్‌కు నోటీసు పంపండి. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేసే వీలుంది, ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. బీమా సొమ్ము అందితే, దానికి, బండి అసలు విలువకు మధ్య మిగిలిన తేడాతో పాటు, బండి లేక పడిన ఖర్చునూ అందులో అడగండి. ఒకే నష్టానికి రెండుసార్లు పరిహారం రాదు, కాబట్టి బీమా సంస్థ నుంచి ఎంత అందిందో ఫిర్యాదులో దాచకుండా రాయండి.