నాలుగు కార్డుల పాటకు కదలిక తెచ్చేది కొత్త కార్డులా, లయా?

నరసాపురం గిటారు:
మా ప్రార్థన మందిరంలోని యువజన బృందానికి నేను గిటారు వాయిస్తాను. సి మేజర్, ఎ మైనర్, ఎఫ్, జి కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) నాలుగేసి దెబ్బల చొప్పున తిరిగే మా పాట ఒకటి రెండో చరణానికే చప్పబడిపోతోంది. ఇంకొన్ని కార్డులు చేర్చాలా, లేక వాయించే లయను మార్చాలా? పెద్దలు చెప్పగలరు.

అమలాపురం కీబోర్డు:
కార్డులకు సెవెంత్ స్వరాలు, అంటే కార్డు మూల స్వరం నుంచి లెక్కిస్తే ఏడోవి, చేర్చండి. మూడేసి స్వరాల సాదా కార్డులు ఎంతసేపు తిరిగినా విసుగే పుట్టిస్తాయి.

రాజోలు వయొలిన్:
ఈ సలహాలో ఒక ఇబ్బంది ఉంది. సి మేజర్‌లోని సి, ఇ, జి స్వరాలు మూడూ ఎ మైనర్ సెవెంత్‌లోనూ ఉన్నాయి కనుక, మొదటి రెండు కార్డుల మధ్య తేడా చెవికి మరింత పలచబడుతుంది. ఎఫ్ నుంచి జికి వెళ్లేటప్పుడు మాత్రం ఉమ్మడి స్వరం ఒక్కటీ లేదు. పాటలో అసలు మలుపు అదే.

పాలకొల్లు ఢోలక్:
ఆ మలుపునే అరదెబ్బ ముందు వాయించండి. నిమిషానికి 96 దెబ్బల వేగంలో 16 దెబ్బల ఆవర్తానికి సరిగ్గా 10 సెకన్లు పడుతుంది. ప్రతి కార్డూ మొదటి దెబ్బ మీదే దిగుతుంటే, రెండో ఆవర్తానికల్లా వినేవారికి అంతా ముందే తెలిసిపోతుంది. ఎఫ్‌లో నాలుగో దెబ్బ సగంలోనే జిని అందుకుని, దాన్ని సాగనిచ్చి, తర్వాతి మొదటి దెబ్బ మీద చెయ్యి ఆపండి. సి మీద ఎనిమిది అరదెబ్బలను మూడు, మూడు, రెండుగా విడగొట్టి, మధ్యలో అరచేతితో తీగలను నొక్కి నాదం ఆపండి. కార్డు ఒక్కటే అయినా పాట నడుస్తుంది.

అమలాపురం కీబోర్డు:
మొదటి దెబ్బకు ముందే కార్డు దిగడాన్ని మేము తాళం తప్పడం అంటాము.

పాలకొల్లు ఢోలక్:
అయ్యా, తాళం చేతిలో ఉంటుంది, ఎత్తుగడ పాటలో ఉంటుంది. ఆది తాళం ఎనిమిది అక్షరాలూ చెక్కుచెదరకుండా నడుస్తుండగా, పాటను సమంలో, అంటే తాళం మొదలయ్యే చోట కాక, ముందో వెనుకో ఎత్తుకునే పద్ధతులకు మనవాళ్లు అతీతం, అనాగతం అని పేర్లు కూడా పెట్టారు.

అమలాపురం కీబోర్డు:
కర్ణాటక సంగీతంలో కార్డులు లేవు కనుక ఆ పోలిక చెల్లదు. తాళం తప్పితే తప్పినట్టే.

భీమవరం శ్రోత:
గిటారు అబ్బాయి అడిగినదాన్ని ఇద్దరూ మరిచిపోతున్నారు.

పాలకొల్లు ఢోలక్:
మరవలేదండీ. 22 ఏళ్లుగా ఢోలక్ వాయిస్తున్న నన్ను, నిరుడు ఒక తీర్థంలో (జాతరలో) కీబోర్డులోని స్టైలు, అంటే మీట నొక్కితే దానంతటదే మోగే దరువు, చాలునంటూ నిర్వాహకులు వేదిక దగ్గరి నుంచే వెనక్కి పంపారు. ఆ రాత్రి జనంలో నిలబడి చివరిదాకా విన్నాను. వాయించినాయన కార్డును చక్కగా ముందుకు లాగారు, కానీ యంత్రంలోని దరువు ఆ సంగతి ఎరగనట్టు మొదటి దెబ్బే కొట్టుకుంటూ పోయింది. కార్డు విరిగిన చోట దరువూ విరగాలంటే, ఎదుటివారి చెయ్యి చూస్తూ వాయించే మనిషి ఉండాలి.

అమలాపురం కీబోర్డు:
మీ బాధ ఇప్పుడు అర్థమైంది, కానీ ఆ నింద మా మీద వేయకండి. ఒక్కరికిచ్చే డబ్బుతో ముగ్గురి పని చేయమంటే మీట నొక్కక తప్పదు. స్టైలు నడుస్తుండగా అరదెబ్బ ముందుకు వెళితే తప్పు చేసినవాడిగా వినిపించేది నేనే, అందుకే వద్దన్నాను. పక్కన మనిషి ఉండి వాయించిన రోజులు నాకూ గుర్తున్నాయి.

నరసాపురం గిటారు:
నిన్న సాయంత్రం ఎఫ్ నుంచి జికి మాత్రమే ముందుగా మారి చూశాము. మొదట పాడేవాళ్లు తొందరపడ్డారు. ఇద్దరు రెండో, నాలుగో దెబ్బల మీద వదలకుండా చప్పట్లు కొట్టాక కుదిరింది. మూడు, మూడు, రెండు మాత్రం నా చేతికి ఇంకా రాలేదు.

పాలకొల్లు ఢోలక్:
గిటారు పక్కన పెట్టి ముందు తొడ మీద వాయించి చూడు బాబూ. కాలితో నాలుగు దెబ్బలు సమంగా వేస్తూ, నోటితో తకిట, తకిట, తక అంటూ, ప్రతి ముక్కలోని మొదటి అక్షరం మీద మాత్రమే చెయ్యి వెయ్యి. నోరు తడబడడం మానేదాకా తీగ ముట్టుకోవద్దు.