బండి మీద ఇచ్చే ఎర్ర సాస్ ఇంట్లో చేస్తే వెనిగర్ పొయ్యాలా, చింతపండు సరిపోద్దా?

గంటస్తంభం కోడలు (విజయనగరం):
ఫాస్ట్‌ఫుడ్ బండోళ్ళు మంచూరియాకీ మోమోలకీ చిన్న కవర్లో ముడేసి ఎర్ర సాస్ ఇస్తారు కదా, మా పిల్లలకి అదే కావాలి, మంచూరియా ఎలాగున్నా పర్లేదంట, ముంచుకోడానికి సాస్ మాత్రం ఆ రుచే రావాలంట. ఎండుమిర్చి వేన్నీళ్ళలో నానబెట్టి వెల్లుల్లితో రుబ్బి, నూనెలో వేపి, సోయా సాస్, పంచదార వేసి కార్న్‌ఫ్లోర్ నీళ్ళతో చిక్కబెడతాను. అంతవరకు గొడవ లేదు, పులుపు దగ్గరే వస్తోంది. మా అత్తగారు వెనిగర్ ఇంట్లోకి రానివ్వరు, అది యాసిడ్డు, చింతపండు ఉండగా అదెందుకంటారు. మా ఆయనేమో చింతపండు వేస్తే పులుసు వాసనొస్తోందంటారు. మీరేటి వేస్తారు, ఎందుకేస్తారు?

టెక్కలి మాస్టారు:
మీ అత్తగారి మాటే కరెక్టమ్మా. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ సీసా ఓసారి తిప్పి చదువు, సింథటిక్ అని ఉంటాది, అంటే అసిటిక్ యాసిడ్‌లో నీళ్ళు కలిపిందే. చైనావాళ్ళు డంప్లింగ్స్ ముంచుకుని తినేది దాంట్లో కాదు. అక్కడ జెన్‌జియాంగ్ అని ఒక ఊరుంది, ఆ ఊరి నల్ల వెనిగర్‌కి పెద్ద పేరు, జిగురు బియ్యం పులియబెట్టి నెలల తరబడి ఊరబెడతారు, నల్లగా, కాస్త తియ్యదనంతో ఉంటాది. దాని దరిదాపుల్లోకి వెళ్ళేది మన పాత చింతపండూ చిన్న బెల్లం ముక్కాను, ఈ తెల్లనీళ్ళు కాదు.

రాజాం వంటోడు:
మాస్టారూ, నల్ల వెనిగర్ గురించి మీరు చెప్పింది నిజమే, కానీ ఆ అక్క అడిగింది చైనా సాస్ కాదండీ, బండి సాస్. మా అన్నయ్య బండి పెడతాడు, సాయంత్రంపూట నేనే సాస్ కాస్తాను కాబట్టి చెప్తున్నాను. చింతపండులో పులుపు టార్టారిక్ యాసిడ్, అది ఆవిరవ్వదు, నాలిక్కి తెలుస్తాది అంతే. వెనిగర్‌లో పులుపు గాల్లోకి లేస్తాది, కవర్ ముడి విప్పగానే ముక్కులోకి కొడతాది చూడండి, పిల్లలు అడిగే రుచి అదే, నోట్లో పెట్టకముందే సగం రుచి ముక్కుకి వచ్చేస్తాది. చింతపండు ఎంత పిండినా ఆ దెబ్బ రాదు, పైగా రంగు ఎరుపు పోయి గోధుమరంగులోకి దిగిపోద్ది. బానే ఉంటాది తినడానికి, కాదన్ను, కానీ అది పచ్చడవుద్ది, సాస్ అవ్వదు.

ఇంకోటేటంటే అక్కా, వెనిగర్ ఎప్పుడు వేస్తున్నావన్నదే అసలు సంగతి. చాలామంది సోయా సాస్‌తో పాటే పోసి పది నిమిషాలు మరిగించేస్తారు, అప్పుడు ఘాటంతా ఆవిర్లో పోద్ది, పైగా పులుపులో మరిగితే కార్న్‌ఫ్లోర్ పట్టు వదిలేసి సాస్ నీళ్ళయిపోద్ది. కార్న్‌ఫ్లోర్ చన్నీళ్ళలోనే కలుపు, వేడి నీళ్ళలో వేస్తే ఉండలు కట్టేస్తాది. అది పోసేక బుడగలొచ్చి, తెల్లగా ఉన్నది నిగనిగలాడే దాకా ఒక్క నిమిషం ఉంచి స్టవ్ కట్టేసి అప్పుడు వెనిగర్ పొయ్యి. గ్లాసు నీళ్ళ సాస్‌కి రెండు చెంచాల వెనిగర్, చెంచా కార్న్‌ఫ్లోర్ సరిపోతాయి. రంగుకి బ్యాడిగి మిర్చి, గింజలు దులిపేసి. రుచి చూసిన చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టకు, మన ఉమ్మి తగిలినా చిక్కదనం విడిపోద్ది.

పొందూరు పిల్ల:
వెనిగర్ సంగతి సరే, బండ్ల మీద అజినమోటో వేస్తారు కదా, అది కదా అసలు భయం?

రాజాం వంటోడు:
మేం కొంచెం వేస్తాం చెల్లీ, దాచడానికేం లేదు. ఈ భయం 1968లో మొదలైంది, అమెరికాలో ఓ డాక్టరు చైనీస్ హోటల్లో తింటే మెడ వెనక తిమ్మిరిగా ఉంటోందని మెడికల్ జర్నల్‌కి ఉత్తరం రాశాడు, దాంట్లో సోయా సాస్‌నీ వంటకి వాడే వైన్‌నీ ఉప్పునీ కూడా అనుమానించాడు గానీ జనానికి అజినమోటో ఒక్కటే గుర్తుండిపోయింది. అందులో ఉండే గ్లుటమేటు పండిన టమాటాలో, సోయా సాస్‌లో ఎలాగూ ఉంటాది. ఇంట్లో సాస్‌కి అది అక్కర్లేదు, రెండు చెంచాల టమాటా కెచప్ వేసుకో చాలు.

టెక్కలి మాస్టారు:
అజినమోటో విషయంలో నీతో వాదించను తమ్ముడూ. కానీ ముక్కుకి కొట్టడమే రుచి అంటే మాత్రం ఒప్పుకోను. పకోడీకి, పనసకాయ వేపుడుకి చింతపండు సాస్ పెట్టి చూడు, తెల్ల వెనిగర్‌తో చేసింది పక్కన పెట్టు, ఇంట్లో పెద్దోళ్ళు ఏది ముట్టుకుంటారో నీకే తెలుస్తాది.

పలాస జీడి:
పెద్దోళ్ళకి చింతపండు, పిల్లలకి వెనిగర్, రెండు గిన్నెలు చేసుకోండి మరి! నాకైతే వెనిగర్ వేసిందే ఇష్టం, పైగా సాస్ నిలవుంటాది కూడా. కాకపోతే వెనిగర్ వేశాం కదా అని బయట వదిలెయ్యకండి, ఇంట్లో వేసేది తక్కువే. ముఖ్యంగా వెల్లుల్లి నూనెలో వేపి ఆ నూనె సీసాలో పోసి రోజుల తరబడి గట్టు మీద పెట్టే అలవాటుంటే మానెయ్యండి, గాలి తగలని చోట పెరిగే ప్రమాదకరమైన బ్యాక్టీరియా దాంట్లో పుట్టొచ్చు, వాసనకి కూడా తెలీదు. సాస్ చల్లారగానే గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు అవగొట్టెయ్యాలి. ఫ్రిజ్‌లో నీళ్ళు విడితే పాడైపోయినట్టు కాదు, కార్న్‌ఫ్లోర్ గుణం అది, వేడి చేసి కలిపితే చాలావరకు కలిసిపోద్ది. వేడి చేసినప్పుడు మాత్రం ఇంకో అర చెంచా వెనిగర్ పడాలి, ముందుది పోయుంటాది.