హంప్తా పాస్‌కి కార్బన్ కర్రలా, అల్యూమినియమా? బ్యాగు తడవకుండా ఏం చేస్తారు?

కొత్తబూట్లు:
జూలై మూడో వారంలో హిమాచల్‌లో హంప్తా పాస్ (కొండ కనుమ) ట్రెక్‌కి వెళ్తున్నాం. నాకు 46. ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు గానీ దిగేటప్పుడు కుడి మోకాలు పట్టేస్తుంది. ట్రెక్కింగ్ కర్రలకీ, బ్యాగు తడవకుండా చూసుకోవడానికీ కలిపి ఆరు వేలు అనుకున్నా. కార్బన్ కొనాలా, అల్యూమినియమా? బ్యాగుతో పాటు వచ్చిన రెయిన్ కవర్ చాలదా?

గ్రాము_లెక్క:
కార్బనే. మంచివైతే జత 400 గ్రాముల చుట్టూ ఉంటుంది, అల్యూమినియం చాలావరకు 500 పైమాటే. వంద గ్రాములే కదా అనకండి, రోజుకి కొన్ని వేలసార్లు ఎత్తి దించేది ఆ బరువే. కర్ర పొడవు బిగించడానికి మెలితిప్పే లాక్ వద్దు, తడీ ఇసుకా చేరితే జారి కర్ర కుంచించుకుపోతుంది. బయట క్లిప్పు నొక్కే రకం తీసుకోండి. దిగేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడవు పెంచండి, మీ మోకాలికి ఇదే అసలు మందు. రెయిన్ కవర్‌ని మాత్రం నమ్మొద్దు. వీపు వైపు అంతా తెరిచే ఉంటుంది, భుజాల మీద పడ్డ నీళ్లు పట్టీల వెంట లోపలికి దిగుతాయి. స్లీపింగ్ బ్యాగుకీ పొడి బట్టలకీ విడిగా డ్రై బ్యాగులు, అంటే నీళ్లు చొరని సంచులు, కొనండి, మూతి కనీసం మూడు మడతలు వేయాలి.

మోకాలిచిప్ప:
కర్రల కంటే ముందు తొడ కండరాలకి రెండు నెలలు వ్యాయామం. నాకు ఫిజియో చెప్పింది అదే.

నల్లమలబాట:
చైత్ర పౌర్ణమి జాతరకి నల్లమలలో సలేశ్వరం లోయలోకి దిగే జనాన్ని ఎవరైనా చూశారా ఇక్కడ? అరవై దాటిన ముసలమ్మ చేతిలో ఒక్క వెదురుకర్ర, నెత్తిన మూట, ‘వస్తున్నాం లింగమయ్యా’ అనుకుంటూ రాళ్ల మీద మనకన్నా ముందే దిగిపోతుంది. ఆవిణ్ణి ఎన్ని గ్రాములని అడగండి. నేనూ ఒకసారి సరదాపడి కార్బన్ కర్రలు అద్దెకి తెచ్చుకున్నా. రెండు బండల సందులో మొన ఇరుక్కుంది, నేను పక్కకి ఒరిగాను, టప్ మంది, అంతే, కొరికిన చెరుకు ముక్కలా పీచులు లేచిపోయింది. డిపాజిట్ రెండు వేలూ పాయె. అల్యూమినియమైతే వంగేది, మోకాలికి ఆనించి కాస్త సరిచేసుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. ఇక బ్యాగుకి నేను చేసేది చెబుతా, నవ్వితే నవ్వండి. కొన్ని యూరియా బస్తాల్లో లోపల పాలిథిన్ సంచి ఉంటుంది కదా, అది రెండుసార్లు కడిగి ఆరబెట్టి, బ్యాగు లోపల పరిచి, సామానంతా అందులో సర్ది, మూతి మెలితిప్పి మడిచి రబ్బరు బ్యాండు వేస్తా. పదేళ్లుగా పైసా ఖర్చు లేదు.

గ్రాము_లెక్క:
ఆయన అడిగింది హంప్తా గురించి, జాతర గురించి కాదు. పద్నాలుగు వేల అడుగులు, రెండు వైపులా టెంట్లలో పడక. స్లీపింగ్ బ్యాగు తడిస్తే ఆ రాత్రి ఎలా ఉంటుందో మీకు తెలీదు. బట్టలూ తిండీ పెట్టే బ్యాగులో ఎరువుల సంచా?

నల్లమలబాట:
కడిగి అని రాశాను. చదివారా?

గ్రాము_లెక్క:
చదివాను. కడిగినా ఆ వాసన పోదు. బట్టలకి పట్టుకుంటుంది.

సత్య_విశాఖ:
వాసన మాటొచ్చింది కాబట్టి. మూడు వేలు పోసి కొన్న నా డ్రై బ్యాగు మా ఊరి ఉక్కకి రెండేళ్లలో లోపల జిగురు పట్టింది, పూత పొరలు పొరలుగా ఊడి బట్టలకి అంటుకుంది, దాని వాసన ఎరువు కంటే అన్యాయం. తడిగా మడిచి అటక మీద పడేయడం నా తప్పేలెండి.

సియాటిల్_రాజు:
ఇక్కడ అలాంటి సంచుల్ని తక్కువగా చూడరు. చెత్తని నొక్కే యంత్రాల్లో వేసే మందపాటి సంచులే చాలామంది బ్యాగు లోపల వేసుకుంటారు. నల్లమల అన్న చెప్పింది కొత్తేమీ కాదు.

నల్లమలబాట:
చూశారా, సియాటిల్‌లో వాడితే తెలివి, కర్నూల్లో వాడితే నామోషీ. కర్ర కూడా ఒకటి చాలు, రెండో చేయి కొమ్మ పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి.

గ్రాము_లెక్క:
ఒక్క కర్రతో హంప్తా దారిలో సియాగోరు దగ్గర వాగు దాటి చూడండి. మంచు కరిగిన నీళ్లు, మోకాళ్ల దాకా ఉంటే కాళ్లు మొద్దుబారతాయి, కింద రాళ్లు కదులుతుంటాయి. అక్కడ కర్రలు రెండూ కావాలి, కర్రల పట్టీల్లోంచి చేతులు బయటికి తీయాలి, నడుము బెల్టు విప్పుకోవాలి, పడితే బ్యాగు వదిలేయడానికి. ఇవన్నీ జాతరలో నేర్పరు. కొత్తవాళ్లని తప్పుదారి పట్టిస్తున్నారు మీరు.

నల్లమలబాట:
తప్పుదారా? అయితే విప్పమంటారా అసలు సంగతి? పోయిన ఆగస్టులో కర్ణాటకలో కుద్రేముఖ్ కొండకి మన హైదరాబాద్ గ్రూపు వెళ్లినప్పుడు లీడర్ మీరే. నడక మొదలయ్యే ముల్లోడి ఊళ్లో పొద్దున్నే ఇరవై మంది ముందు మా బావమరిదిని నిలబెట్టి, ‘ఈ బ్యాగుతో, ఈ కర్రతో వానలోకి రానివ్వను’ అని హోమ్‌స్టేలో కూర్చోబెట్టారు. పదిహేడు వందలు కట్టాడు. రోజంతా జలగలు పీక్కుంటూ అరుగు మీద కూర్చున్నాడు. వాడు ఆదిలాబాద్ అడవుల్లో పుట్టి పెరిగినవాడు సార్.

గ్రాము_లెక్క:
ఓ. అతను మీ బావమరిదా. చూడండి, కాటన్ జీన్స్, స్కూలు బ్యాగు, కవర్ లేదు. పైన గడ్డి మైదానంలో గాలికి వాన అడ్డంగా కొడుతుంది. అంతకు ముందు ఏడాది అలాగే వచ్చిన ఒకబ్బాయి వణికి మాట తడబడితే ఇద్దరం రెండు చేతులూ పట్టుకుని నాలుగు గంటలు కిందికి నడిపించాం. మళ్లీ అలాంటి టెన్షన్ నాకొద్దు. ఎవరి అహంకారం కోసమో చేసింది కాదు.

నల్లమలబాట:
బ్యాగు లోపల సంచి ఉంది. సంచిలో ఉన్ని స్వెట్టరు, పొడి ప్యాంటు, పైన వేసుకునే ప్లాస్టిక్ కోటు ఉన్నాయి. నేనే సర్ది ఇచ్చా.

గ్రాము_లెక్క:
అతను చెప్పలేదు.

నల్లమలబాట:
మీరు జిప్పు తీసి చూశారా? బయట కంపెనీ బొమ్మ లేదని చూశారు. ఇరవై మంది చూస్తుంటే వాడేం చెబుతాడు.

మోకాలిచిప్ప:
అన్నా, ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి.

గ్రాము_లెక్క:
చూడలేదు. జీప్ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు, గైడ్ తొందరపెడుతున్నాడు. జీన్స్ విషయంలో ఇప్పటికీ నా మాట నాదే. కానీ జిప్పు తీసి ఉండాల్సింది. ఆయన నంబరు నాకు మెసేజ్ పెట్టండి.

నల్లమలబాట:
వాణ్ణి అడిగి పెడతా. ఇష్టమో కాదో.

కొత్తబూట్లు:
మీరు మాట్లాడుకుంటుండగానే అల్యూమినియం జత కొనేశాను, క్లిప్పు లాక్, రెండు వేల రెండొందలు. స్లీపింగ్ బ్యాగుకి ఒక చిన్న డ్రై బ్యాగు చెప్పా. మిగతా సామానుకి మా పెదనాన్న ఊళ్లోంచి బస్సులో సంచి పంపిస్తానన్నాడు, డీఏపీ ఎరువుదట. పర్లేదా?

నల్లమలబాట:
భేషుగ్గా. సబ్బు నీళ్లతో లోపలివైపు తిప్పి కడుగు తమ్ముడూ.

గ్రాము_లెక్క:
కడిగాక ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టి చూడండి. బస్తా కుట్టిన సూది చిల్లులు మూతి దగ్గర వరసగా ఉంటాయి, అంతమేరా కత్తిరించేయండి.