సాయుధ బలగాలు, పరిపాలనపై పరిశోధన: రాజనీతిశాస్త్రం విద్యార్థికి దారి ఏది?

శబరి తీరం (మోటు, మల్కన్‌గిరి జిల్లా, ఒడిశా):
నేను రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మా మేనత్త ఊరు బలిమెల జలాశయానికి అవతల ఉంది. చిన్నప్పుడు చిత్రకొండ నుంచి లాంచీలో వెళ్లేవాళ్లం. 2018లో గురుప్రియ వంతెన తెరిచాక బండి మీదే వెళ్తున్నాం. ఒకసారి వంతెన దగ్గర జవాను అత్త సంచి విప్పించి, ఎండుచేపల పొట్లం చూసి, మళ్లీ తానే ముడివేసి ఇచ్చాడు. ఆ జవాను ఎవరి ఆజ్ఞ మీద అక్కడున్నాడు, కలెక్టరు మాట వింటాడా అన్న సందేహం ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు. దీనిపైనే పరిశోధించి ఆచార్యురాలిని కావాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

విశ్రాంత అధ్యాపకుడు (రాయగడ):
అమ్మా, నీ సందేహంలోనే పరిశోధనాంశం ఉంది. ముందుగా సైన్యాన్నీ, కేంద్ర సాయుధ పోలీసు బలగాలనూ వేరుచేసి చూడాలి. సైన్యం రక్షణశాఖ కిందిది. సరిహద్దు భద్రతా దళం, సీఆర్పీఎఫ్ హోంశాఖ కిందివి. పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో ఉన్నా, పౌర అధికారులకు తోడుగా కేంద్ర బలగాలను రాష్ట్రాల్లో మోహరించే అధికారాన్ని 1976లో 42వ సవరణ కేంద్ర జాబితాలో 2ఎ అంశంగా చేర్చింది. పైగా మల్కన్‌గిరి ఐదో షెడ్యూలు ప్రాంతం, అంటే ఆదివాసీల కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం కాబట్టి, 1996 నాటి పెసా (షెడ్యూలు ప్రాంతాల పంచాయతీల) చట్టం ప్రకారం గ్రామసభకూ అధికారాలున్నాయి. ఇన్ని అధికారాలు ఒక్క వంతెన దగ్గర ఎలా కలుస్తున్నాయో ఓపికగా రాస్తే అదే మంచి సిద్ధాంత వ్యాసం అవుతుంది. ఈ రంగంలో పునాది వాదాలు రెండు. సైన్యాన్ని దాని వృత్తికి వదిలేస్తే రాజకీయాలకు దూరంగా ఉంటుందని 1957లో అమెరికా రాజనీతిశాస్త్రవేత్త హంటింగ్టన్ అన్నాడు. సైన్యం సమాజంతో కలిసి ఉండాలని 1960లో సమాజశాస్త్రవేత్త జానోవిట్జ్ వాదించాడు. వాటిని తప్పక చదువు.

బరంపురం పరిశోధకురాలు:
మాస్టారి మాట మీద గౌరవం ఉంది, కానీ చెల్లెమ్మా, ఆ ఇద్దరూ ప్రధానంగా అమెరికా సైన్యాన్ని చూసి రాశారు. మన దగ్గర 2020 జనవరి 1న త్రిదళాధిపతి (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) పదవి అమల్లోకి వచ్చి, రక్షణశాఖలోని సైనిక వ్యవహారాల విభాగానికి సేనాధికారే కార్యదర్శి అయ్యాక, ఐఏఎస్ అధికారులకూ సేనాధికారులకూ మధ్య సంబంధం ఎలా మారిందన్నది ఇంకా తవ్వాల్సిన గని. అధ్యాపక అర్హతకూ పరిశోధక వేతనానికీ పెట్టే నెట్, జేఆర్ఎఫ్ పరీక్ష ఎలాగూ రాయాలి. అసలు కష్టం సమాచారంలో ఉంది: సమాచార హక్కు చట్టంలోని 24వ సెక్షన్ సరిహద్దు భద్రతా దళం, సీఆర్పీఎఫ్ లాంటి బలగాలకు మినహాయింపు ఇస్తుంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. అందుకే నేను పార్లమెంటు స్థాయీసంఘం నివేదికలనూ, ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలనూ వరుసగా చదువుతాను. ఊళ్లలో తిరిగేటప్పుడు నోటుపుస్తకంలో మనిషి పేరు రాయను, అంకె మాత్రమే వేస్తాను. ఆ పుస్తకం ఎవరి చేతిలో పడినా నాతో మాట్లాడినవాళ్లకు ఇబ్బంది రాకూడదు. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన నీతో జనం దుబాసీ లేకుండా మాట్లాడతారు, అది ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లకు దొరకనిది.

శబరి తీరం:
ఇద్దరికీ నమస్కారాలు. అత్తవాళ్ల పంచాయతీలో గ్రామసభ తీర్మానాల పుస్తకం చూడనిస్తారా, మాస్టారూ?

విశ్రాంత అధ్యాపకుడు:
సర్పంచిని అడుగు తల్లీ. వంతెన తెరవడానికి ముందు సంవత్సరాల పుస్తకాలు కూడా అడుగు.