యాంటీవైరల్ మందు మీద రెండు వార్తలు: షేరు ఉంచాలా, అమ్మాలా?

ప్రశ్న (గాజువాక): అందరికీ నమస్కారం. ఒక ఫార్మా కంపెనీవి 60 షేర్లున్నాయి. వాళ్ల యాంటీవైరల్ మాత్రకి "నిపుణుల కమిటీ ఓకే చెప్పింది" అని సాయంత్రం టీవీలో వచ్చింది. గంట తిరక్కుండా పోటీ కంపెనీ మందు ఇంకా బాగా పనిచేస్తోందని మరో వార్త. పైగా పరవాడ ఫార్మా సిటీలో పనిచేసే మా బావమరిది, ప్లాంటుకి అమెరికా ఔషధ సంస్థ వాళ్ల 483 (తనిఖీలో కనబడ్డ లోపాలు రాసిచ్చే ఫారం) వచ్చిందంటున్నాడు. రేపు పొద్దున్న ఏం చెయ్యమంటారు?

జవాబు (సీతమ్మధార): ముందు బావమరిది గారి మాట పక్కన పెట్టండి. కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పకముందే లోపలి మనిషి ద్వారా తెలిసిన సంగతితో కొన్నా, అమ్మినా సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల్లో ఇరుక్కుంటారు. చెప్పినందుకు ఆయనా ఇరుక్కుంటాడు. ఆ మాట ఇంకెవరికీ చెప్పకండి, దయచేసి.

ఇక కమిటీ సంగతి. కమిటీది సిఫార్సు మాత్రమే, అనుమతి ఇచ్చేది డీసీజీఐ, అంటే దేశ ఔషధ నియంత్రణాధికారి. అనుమతి వచ్చినా అది అత్యవసర వాడకానికా, పూర్తిగానా చూడాలి. ఆ తర్వాత చికిత్స ప్రొటోకాల్‌లో చేరిందా అన్నది ఇంకో మెట్టు. ఉదాహరణకి, కోవిడ్ మాత్ర మాల్నుపిరవిర్‌కి అత్యవసర అనుమతి వచ్చిందని 2021 డిసెంబర్ 28న ప్రకటించారు, తయారీకి 13 కంపెనీలు. వారం దాటిందో లేదో, వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కి అప్పటి అధిపతి బలరాం భార్గవ భద్రత మీద అనుమానాలున్నాయని, జాతీయ ప్రొటోకాల్‌లో చేర్చలేదని చెప్పారు. అనుమతి చూసి కొన్నవాళ్లు ఈ రెండో వార్త కోసం ఆగలేదు.

జవాబు (ఎంవీపీ కాలనీ): పోటీ మందు శాతాల గురించి నేను చెబుతాను. మాల్నుపిరవిర్ అసలు కంపెనీ మెర్క్, 2021 అక్టోబర్ 1న తన మందుతో ఆస్పత్రి పాలయ్యే ముప్పు సుమారు సగం తగ్గిందంది. నవంబర్ 5న ఫైజర్ తన పాక్స్‌లోవిడ్‌కి 89 శాతం అంది. నవంబర్ 26న మెర్క్ పూర్తి లెక్క వచ్చేసరికి ఆ సగం కాస్తా 30 శాతానికి దిగింది. మొదట చెప్పినది ట్రయల్ మధ్యలో వేసిన లెక్క, అందుకే. ఫైజర్ 89 కూడా లక్షణాలు మొదలైన మూడు రోజుల్లోపు మందు మొదలుపెట్టినవాళ్లది. మెర్క్ ట్రయల్ అయిదు రోజుల్లోపు వాళ్లని తీసుకుంది. రెండు ట్రయల్స్ అంకెలు పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అనకూడదు. చివరికి పాక్స్‌లోవిడ్‌కి 2023 మేలో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. మాల్నుపిరవిర్‌ని యూరప్ మందుల సంస్థ కమిటీ అదే ఏడాది ఫిబ్రవరిలో వద్దంది.

డబ్బు లెక్క కూడా వేసుకోండి, అసలు కిటుకు అక్కడే ఉంది. మాల్నుపిరవిర్ కోర్సు అంటే 200 మి.గ్రా. క్యాప్సూల్స్ పూటకి నాలుగు, రోజుకి రెండుసార్లు, అయిదు రోజులు: 40 క్యాప్సూల్స్. డాక్టర్ రెడ్డీస్ 2022లో క్యాప్సూల్ 35 రూపాయలకి తెచ్చింది, కోర్సు 1,400. లక్ష మంది వాడినా మొత్తం 14 కోట్లు, అదీ ఎంఆర్‌పీ మీద! షాపు మార్జిన్, జీఎస్టీ పోగా మిగిలింది 13 కంపెనీలు పంచుకోవాలి. మీ కంపెనీ ఏడాది అమ్మకాలతో పోల్చి చూస్తే ఆ వార్త బరువెంతో తేలిపోతుంది.

ప్రశ్న (గాజువాక): అలాగేనండి, ఎవరికీ చెప్పను. ఇప్పుడే బీఎస్‌ఈ సైట్లో కంపెనీయే పెట్టింది: నాలుగు అబ్జర్వేషన్లతో 483.

జవాబు (సీతమ్మధార): ఇక అందరికీ తెలిసినట్టే, మాట్లాడుకోవచ్చు. నాలుగా, పదా అన్నది పెద్ద విషయం కాదు. డేటా దిద్దారనో, కిందటి తనిఖీలో చెప్పిందే మళ్లీ దొరికిందనో ఉంటే ఒక్కటైనా గట్టి దెబ్బే. ఆ పీడీఎఫ్‌లో యూనిట్ పేరు చూడండి. మీ యాంటీవైరల్ వేరే యూనిట్లో తయారైతే ఈ రెంటికీ లంకె లేదు. కంపెనీ 15 పనిదినాల్లో జవాబివ్వడం మంచిది. తర్వాత తనిఖీకి వర్గం ఇస్తారు: ఎన్ఏఐ (చర్య అక్కర్లేదు), వీఏఐ (కంపెనీయే దిద్దుకుంటే చాలు) అయితే ఊపిరి పీల్చుకోవచ్చు. ఓఏఐ (అధికారిక చర్యకి అవకాశం) అయితే ఆ ప్లాంటు నుంచి వెళ్లాల్సిన కొత్త మందుల అనుమతులు ఆగిపోవచ్చు, వార్నింగ్ లెటర్ కూడా రావచ్చు.

జవాబు (ఎంవీపీ కాలనీ): అమ్మాలనే అనుకుంటే మార్కెట్ తెరిచే 9:15కి, ఎంత ధరకైనా సరే అనే మార్కెట్ ఆర్డర్ పెట్టొద్దండీ. వార్త వచ్చిన పొద్దున్న మొదటి నిమిషాల్లో కొనేవాళ్లు పలచగా ఉంటారు, మీ 60 షేర్లూ మీరు ఊహించని ధరకి పోతాయి. పది దాటాక, మీకు సరేననిపించే ధరకి లిమిట్ ఆర్డర్ పెట్టండి.