జనవరిలో స్పితికి డీజిల్ బండి: సీసా మందు పోయాలా, అక్కర్లేదా?

గోదారి గేరు:
జనవరిలో హైదరాబాద్ నుంచి సిమ్లా, కిన్నౌర్ మీదుగా స్పితి లోయలోని కాజా వెళ్దామని ప్లాన్. బండి బీఎస్6 డీజిల్. అక్కడ రాత్రిళ్లు మైనస్ 20 దాకా పడిపోతుందంటున్నారు. డీజిల్ గడ్డకట్టకుండా పోసే సీసాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మా ఫ్రెండు అది దండగ ఖర్చంటాడు. వాళ్ల బాబాయేమో కాస్త కిరోసిన్ కలిపితే చాలంటాడు. ఎవరి మాట వినాలి?

పాత లారీ:
బాబాయ్ మాటే రైటు. నేను కశ్మీర్ వైపు ఆపిల్ లోడ్లకి వెళ్లేటప్పుడు అందరం కిరోసినే కలిపేవాళ్లం. మరీ బిగుసుకుపోతే ట్యాంకు కింద మంట పెట్టేవాళ్లు. సీసాలు ఎవడు చూశాడు?

పంపు మెకానిక్:
అన్నా, ఆ పాత పంపులు తట్టుకున్నాయి, కాదనను. ఇప్పటి బండ్లలో ఇంజన్‌లోకి డీజిల్ తోసే కామన్ రైల్ పంపు వెయ్యి బార్ల పైన, అంటే మామూలు గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లకు పైగా ఒత్తిడితో పనిచేస్తుంది, దానికి డీజిలే నూనె. కిరోసిన్‌కి ఆ జిడ్డు లేదు. పైగా బీఎస్6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో 10) దాటకూడదు, కిరోసిన్‌లో అంతకు ఎన్నో రెట్లు ఉండొచ్చు. పొగ గొట్టంలోని ఫిల్టర్లూ పాడవుతాయి. ఇక మంట సంగతి, దండం పెడతాను, తమ్ముడికి చెప్పకండి.

అసలు జరిగేది ఏమిటంటే, డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చలికి మన ఇంట్లో నెయ్యి పేరుకున్నట్టు అది పలుకులు కడుతుంది. ట్యాంకులో డీజిల్ ఇంకా పారుతూనే ఉంటుంది, కానీ పలుకులు ఫిల్టర్‌కి అడ్డం పడి బండి ఆగిపోతుంది. సీసా మందు ఈ మైనాన్ని తీసేయదు, పలుకుల్ని పెద్దవి కానివ్వదు, అంతే. కాబట్టి డీజిల్ వెచ్చగా ఉన్నప్పుడే కలపాలి. పొద్దున బండి స్టార్ట్ కాలేదని అప్పుడు పోస్తే ఉపయోగం లేదు.

గోదారి గేరు:
అయితే ఇక్కడే ఫుల్ ట్యాంక్ కొట్టించి మందు పోసుకుని బయల్దేరమంటారా?

పంపు మెకానిక్:
వద్దు. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అమ్మే మామూలు డీజిల్ ప్లస్ 6 డిగ్రీల దగ్గర ఫిల్టర్ దాటితే చాలు. మిగతా నెలల్లో ప్లస్ 18 చాలు. బంకులో దొరికేది అంత కంటే మెరుగ్గానే ఉండొచ్చు, కానీ దాన్ని సీసాతో మైనస్ 20కి దింపుతామని లేబుల్ మీద రాస్తే నేను నమ్మను. ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో లడఖ్ కోసం వింటర్ డీజిల్ తెచ్చింది, పానిపట్ రిఫైనరీలో చేశారు, పోర్ పాయింట్ మైనస్ 33. కొండల్లో అలాంటిది దొరికితే అదే పోయించుకోవాలి. ట్యాంకు దాదాపు ఖాళీగా పైకి చేరాలి, అసలు కిటుకు అది.

చలిదేశం:
మిన్నెసోటాలో ఉంటాను. మెకానిక్ గారితో ఒక్క చోట తేడా. పోర్ పాయింట్ మైనస్ 33 అంటే బండి మైనస్ 33 దాకా నడుస్తుందని కాదు. అది డీజిల్ పారడం ఆగే చోటు. ఫిల్టర్ అంత కంటే ముందే మూసుకుపోతుంది. ఇక్కడ బంకుల్లో చలికాలానికి నంబర్ 1 డీజిల్ (మైనం తక్కువుండే పలచని రకం) కలిపే అమ్ముతారు, అయినా ట్రక్కుల వాళ్లు సీసా దగ్గర పెట్టుకునే తిరుగుతారు. చట్టం కూడా డీజిల్‌లో కలపాల్సిన బయోడీజిల్‌ని (మొక్కల నూనెలు, కొవ్వుల నుంచి చేసేది) వేసవి నెలల్లో 20 శాతం, చలి నెలల్లో 5 శాతం అంటుంది. బయోడీజిల్ తొందరగా గడ్డకడుతుంది మరి.

పాత లారీ:
నంబర్ 1 అంటే దాదాపు కిరోసినే కదా! అమెరికా వాడు కలిపితే టెక్నాలజీ, మేం కలిపితే నాటు వైద్యమా?

చలిదేశం:
బంకులో అమ్మే నంబర్ 1 గంధకం 15 పీపీఎం లోపే ఉంటుంది, జిడ్డు కోసం వేరే మందు కలుపుతారు. డబ్బాలో తెచ్చుకున్న కిరోసిన్‌కి ఆ గ్యారంటీ ఎక్కడిది? కలపడమనే ఆలోచన మాత్రం మీదే రైటు, ఒప్పుకుంటాను.

పాత లారీ:
సరే. ఖాళీ ట్యాంకుతో రమ్మంటున్నారు. కిన్నౌర్‌లో రెకాంగ్ పియో దాటాక బంకులు ఎన్ని ఉన్నాయి? మంచు పడి రోడ్డు మూసేస్తే, మీ కిటుకుతో పిల్లాడు దారిలో కూర్చోవాలి.

పంపు మెకానిక్:
ఇది న్యాయమైన మాట. అయితే ఇలా చెయ్ తమ్ముడూ. మైదానాల డీజిల్ సిమ్లా, రాంపూర్ దాకా వాడేసెయ్. పియో దగ్గర ఫుల్ చేయించు. అక్కడ ఏ డీజిల్ వస్తోందో బంకువాళ్లనే అడుగు. మామూలుదే అంటే మందు ముందు పోసి, తర్వాత డీజిల్ కొట్టించు, బాగా కలుస్తుంది. కొలత సీసా మీద ఉన్నంతే, ఎక్కువ పోస్తే ఎక్కువ పనిచేయదు. వెళ్లేముందు ఫిల్టర్ మార్చు, పాతది దగ్గర ఉంచుకోకు, ఇంకో కొత్తది పెట్టుకో. ఫిల్టర్‌లో నీళ్లు చేరితే అవీ గడ్డకడతాయి, దానికి ఈ మందు పనికిరాదు. నీ బండికి యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం) ఉంటే అందులో ఏమీ కలపకు. అది మైనస్ 11కే గడ్డకడుతుంది, కరిగించే హీటర్ బండిలోనే ఉంటుంది.

గోదారి గేరు:
అంటే సీసా కొనాల్సిందేనా?

చలిదేశం:
కొను.

పంపు మెకానిక్:
కొను, కానీ దాని మీద భారం వేయకు. కాజాలో రాత్రి బండిని గాలి తగలని చోట పెట్టు.

పాత లారీ:
బ్యాటరీ కూడా చూపించుకో. సెల్ఫ్ తిరగకపోతే డీజిల్ ఎంత మంచిదైనా ఒకటే.