ఆసనాలు నేర్పే టీచర్‌కు యోగ చరిత్ర, తత్వశాస్త్రం అవసరమా?

శిక్షణలో ఉన్న టీచర్:
200 గంటల టీచర్ ట్రైనింగ్ చేస్తున్నాను. యోగా టీచర్లను, శిక్షణ కేంద్రాలను నమోదు చేసే యోగా అలయన్స్ అనే సంస్థ ప్రమాణాల ప్రకారం అందులో 30 గంటలు చరిత్ర, తత్వశాస్త్రం, నైతిక నియమాలకు కేటాయించాలి. ఆ గంటలు కూడా అనాటమీకే ఇచ్చేయాలని మా బ్యాచ్‌లో చాలామంది అంటున్నారు. నాకు ఆ పాఠాలే ఎక్కువ ఇష్టం, అయినా వాళ్ల మాట కొట్టిపారేయలేకపోతున్నాను. మీరేమంటారు?

ఫిజియోథెరపిస్ట్:
నేను మీ బ్యాచ్ వాళ్ల పక్షమే. శీర్షాసనం వేయబోయి మెడ పట్టేసిన వాళ్లు నా దగ్గరకు వస్తుంటారు. గ్లకోమా ఉన్నవాళ్లతో తలకిందుల ఆసనాలు వేయిస్తే కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. టీచర్‌కు ముందు తెలియాల్సింది ఇది. సూత్రాలు ఇష్టమున్నవాళ్లు ఇంట్లో చదువుకోవచ్చు కదా?

సీనియర్ టీచర్:
అనాటమీ తప్పకుండా రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ చరిత్ర తెలియకపోవడం వల్ల కూడా మోకాళ్లు పాడవుతాయండీ. "వేల ఏళ్లుగా ఇలాగే చేస్తున్నారు, మార్చకూడదు" అని టీచర్ అన్నాక, నొప్పిగా ఉందని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

ఆ మాట నిజం కూడా కాదు. యోగానికి మూలగ్రంథంగా చెప్పే పతంజలి యోగసూత్రాలు 195 (కొన్ని పాఠాల్లో 196). వాటిలో ఆసనాన్ని నేరుగా వివరించేవి మూడే. స్థిరంగా, సుఖంగా ఉండాలన్నదే అక్కడ మొదటి షరతు. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు హఠయోగ ప్రదీపిక అనే గ్రంథంలో వర్ణించిన ఆసనాలు 15. నిలబడి వేసేది వాటిలో ఒక్కటీ లేదు, త్రికోణాసనం అసలే లేదు. ఇవాళ మనం చూసే ఆసనాల వరుసల్లో చాలా వాటికి మూలం 1930లలో మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో కృష్ణమాచార్య నడిపిన యోగశాల. అక్కడ ఎక్కువగా నేర్చుకున్నది మంచి ఒంటి పటుత్వమున్న కుర్రాళ్లు. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఇద్దరూ ఆయన శిష్యులే. ఒకరు బెల్టులు, చెక్క దిమ్మల సాయంతో నేర్పారు, మరొకరు శ్వాసతో నడిచే కట్టుదిట్టమైన వరుసలు నేర్పారు. ఒకే గురువు శిష్యులు ఇంత వేరుగా నేర్పగలిగినప్పుడు, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కోసం నేను ఆసనం మార్చితే సంప్రదాయానికి వచ్చే లోటేమిటి?

ఫిజియోథెరపిస్ట్:
చరిత్ర వరకు ఒప్పుకుంటాను. మరి తత్వం? టెన్షన్ తగ్గితే చాలని వచ్చిన మనిషికి ఈశ్వర ప్రణిధానం, అంటే ఈశ్వరుడికి అర్పించుకోవడం, గురించి చెప్పడం అంటే మన నమ్మకాన్ని రుద్దడమే.

అభ్యాసకురాలు:
టీచర్ చదివిందంతా క్లాసులో వల్లించాలని ఎవరన్నారు? పక్క మ్యాట్ మీదున్న అమ్మాయిని చూసి నేను ఊపిరి బిగబట్టి వంగుతుంటే, మా టీచర్ ఒక్కసారి అభ్యాసం, వైరాగ్యం రెండూ కలిసే నడవాలని చెప్పారు. రోజూ చెయ్యి, ఫలితాన్ని పట్టుకుని వేలాడకు అని. దేవుడి ప్రస్తావనే రాలేదు. నా ఊపిరి మాత్రం వదులైంది.

సీనియర్ టీచర్:
అదీ సంగతి. ఇంకో మాట కూడా. రుద్దేది సాధారణంగా తక్కువ చదివినవాళ్లే. యోగసూత్రాల్లో పురుషుడు (అంటే చైతన్యం) ప్రకృతి (శరీరం, మనసుతో సహా జడమైనదంతా) నుంచి వేరని గుర్తించడం లక్ష్యం, అద్వైతంలో రెండోదంటూ లేనే లేదు. బౌద్ధులు ఆత్మనే ఒప్పుకోరు. 12వ శతాబ్దపు జైన ఆచార్యుడు హేమచంద్రుడు తమ మార్గంలో యోగశాస్త్రం రాశాడు. వీళ్లంతా ఒకరితో ఒకరు గట్టిగా వాదించుకున్న సంప్రదాయాల వాళ్లు. ఆ వాదాలు చదివిన టీచర్ "యోగా చెప్పేది ఇదొక్కటే" అనలేరు. ఎవరి మాట, ఏ కాలం నాటిది అని చెప్పి, నమ్మకం సంగతి విద్యార్థికే వదిలేస్తారు.

ఫిజియోథెరపిస్ట్:
ఇలా నేర్పేటట్టయితే ఆ 30 గంటలు తీసేయమని అనను. అయితే పరీక్ష మార్చాలి. శ్లోకాలు అప్పజెప్పించుకోవడం మానేసి, ఒక ఆసనం ఇచ్చి అడగండి: ఇది ఎప్పటిది, ఎలాంటి శరీరాల కోసం తయారైంది, ఈ మనిషికి ఎలా మార్చాలి? మూడింటికీ జవాబు చెప్పగలిగిన వాళ్ల దగ్గరకు నా పేషెంట్లను ధైర్యంగా పంపిస్తాను.